సహకార సంఘంలో చనిపోయిన సభ్యుడి వాటాధనం వారసుడి పేరుకు మార్చుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లా. మా నాన్నగారు ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘంలో చాలాకాలం సభ్యులు. పంట రుణం ఇచ్చిన ప్రతిసారీ సంఘంవారు అందులోంచి కొంత వాటాధనంగా మినహాయించుకునేవారు. ఆయన కాలం చేశాక బాకీ వడ్డీతో సహా తీర్చి నోడ్యూస్ పత్రం తీసుకున్నాము. ఇప్పుడేమో, 2022లో కేంద్రం ఆమోదించిన కంప్యూటరీకరణ పథకం కింద లెక్కలు ఎక్కించినప్పుడు ఆయన వాటా సున్నాగా నమోదైందంటున్నారు. పాస్‌బుక్‌లో మాత్రం ప్రతి మినహాయింపూ నీలి సిరాతో, పక్కన కార్యదర్శి పొట్టి సంతకంతో స్పష్టంగా ఉంది.

నాకు ఆ డబ్బు వెనక్కి తీసుకోవాలని లేదు. 1904 చట్టంతో మొదలైన ఈ పరపతి సంఘాలు రైతును వడ్డీ వ్యాపారి చేతిలో పడకుండా కాపాడటానికే పుట్టాయి. పైగా 3 లక్షల లోపు పంట రుణాన్ని గడువులోగా కడితే కేంద్ర రాయితీతో వడ్డీ 4 శాతమే పడుతుంది. కాబట్టి ఆ సభ్యత్వం నా పేరుకు మార్చుకుని అక్కడే రుణం తీసుకోవాలనుకుంటున్నాను.

నామినీ పేరు రాయనప్పుడు కుటుంబ సభ్యుల ధ్రువపత్రమూ, తోబుట్టువుల అంగీకార పత్రమూ సరిపోతాయా, లేక కోర్టు నుంచి వారసత్వ పత్రం తేవాలా? పాస్‌బుక్ ఆధారంగా లెక్క సరిచేయమని జిల్లా సహకార అధికారికి అర్జీ పెట్టాలా, జిల్లా కేంద్ర సహకార బ్యాంకుకా? ఇలాంటి బదిలీ చేయించుకున్నవారు, సంఘాల్లో పనిచేసినవారు దయచేసి తెలుపగలరు.