ఆయా తన పాపను వెంట తెచ్చుకుంటానంటే ముందుగా ఏమేమి మాట్లాడుకోవాలి?

మియాపూర్_తల్లి:

అందరికీ నమస్కారం. మా బాబుకు పద్నాలుగు నెలలు. ఇంతవరకు మా అత్తగారు దగ్గరుండి చూసుకున్నారు. మామగారికి ఒంట్లో బాగుండకపోవడంతో ఆవిడ ఊరికి వెళ్లవలసి వచ్చింది. మేమిద్దరమూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లము కాబట్టి ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర వరకు బాబును చూసుకోవడానికి ఒక ఆయాను మాట్లాడుకున్నాము. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన కుటుంబం, భర్త సెంట్రింగ్ పనికి వెళతాడు. బాబుకు అన్నం తినిపించడంలో ఆవిడ చూపిన ఓపిక మాకు ఎంతో నచ్చింది.

జీతం మాట్లాడుకున్నాక ఆవిడ జంకుతూనే, తనకు మూడేళ్లు నిండిన పాప ఉందనీ, ఇంటి దగ్గర చూసేవాళ్లు ఎవరూ లేరనీ చెప్పి, "వెంట తెచ్చుకుంటాను మేడమ్, ఒక మూలన కూర్చుంటుంది, అల్లరి చెయ్యదు" అని అడిగింది. నాకు కాదనాలని లేదు. ఇద్దరు పసిపిల్లలను ఒక్క మనిషి చూడగలదా అన్నది మావారి సందేహం. పక్క ఫ్లాటువారేమో, పాపకు కూడా మన ఇంట్లోనే తిండి కాబట్టి జీతంలో రెండు వేలు తగ్గించమంటున్నారు. అది నాకు సబబుగా తోచడం లేదు. జలుబులు, జ్వరాలు ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం గురించి కూడా ఆలోచన ఉంది. ఇలాంటి ఏర్పాటు చేసుకున్నవారు ఏయే విషయాలు ముందే మాట్లాడుకున్నారో దయచేసి చెప్పగలరు.

కూకట్‌పల్లి_అమ్మ:

మా అమ్మాయి బడిలో చేరేదాకా మా ఇంట్లో ఇదే ఏర్పాటు సాగింది. మీవారి సందేహం కొట్టిపారేయదగినది కాదండీ. పిల్లలిద్దరూ ఆడుకుంటున్నంతసేపు ఇబ్బంది ఉండదు. ఒకరిని బాత్‌రూముకు తీసుకువెళ్లవలసి వచ్చినప్పుడు రెండోవారు ఎక్కడ ఉంటారన్న దగ్గరే చిక్కంతా వస్తుంది. మూడేళ్ల పిల్ల అడిగిన మరుక్షణం తల్లి లేవాలి, అప్పుడప్పుడే నడక నేర్చిన మీ బాబు ఆ కాస్త వ్యవధిలో బాల్కనీ దాకానో వంటింట్లో పొయ్యి దాకానో వెళ్లగలడు. మేము ఆ రెండు తలుపులకూ పైభాగాన గడియలు పెట్టించాము, బాత్‌రూములో బకెట్టు నింపి ఉంచకూడదని ఇంట్లో అందరమూ గట్టిగా అనుకున్నాము. అంతకంటే ముఖ్యంగా, కూరలు తరగడం, బట్టలు మడతపెట్టడం వంటి పనులు ఆవిడకు చెప్పడం పూర్తిగా మానేశాము. చిన్నపిల్లలు ఇద్దరున్న చోట పెద్దమనిషి కళ్లు వాళ్ల మీదే ఉండాలి.

జీతం తగ్గించవద్దు. మీ బాబును చూసే గంటలూ తగ్గలేదు, బాధ్యతా తగ్గలేదు. మూడేళ్ల పిల్ల తినే అన్నానికి తల్లి జీతంలోంచి రెండు వేలు పట్టుకోవడం నాకైతే అన్యాయమనే అనిపిస్తుంది. పిల్లలిద్దరికీ ఒకే కూర, ఒకే రకం కంచాలు పెట్టండి.

ఇంకొక సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఇద్దరూ ఒకేసారి ఏడ్చినప్పుడు ఆ తల్లి తన బిడ్డను వదిలి మీ బిడ్డను ఎత్తుకుంటుంది. పని పోతుందేమోనన్న భయం అలా చేయిస్తుంది. ఎవరికి ఎక్కువ అవసరమైతే వాళ్లను ముందు చూడమని మేము చెప్పినా మా ఆయా మొదట నమ్మలేదు. మా అమ్మాయి బొమ్మ కోసం ఏడుస్తుండగా ఆవిడ తన కొడుకు మోకాలికి తగిలిన దెబ్బ కడుగుతుంటే, పక్కనే ఉన్న నేను ఒక్క మాటా అనకపోవడం చూశాక నమ్మింది.

అంగన్‌వాడీ_టీచర్:

పాప టీకాల కార్డు అడిగి చూడండి, అలాగే మీ బాబు కార్డు ఆవిడకు చూపించండి. జబ్బు ఏ వైపు నుంచైనా అంటుతుంది. తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. ప్రభుత్వ షెడ్యూలు ప్రకారం మీ బాబుకు రెండో మోతాదు ఇంకా పడవలసి ఉంది, పాపకు రెండూ పడి ఉండాలి. పడకపోతే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు. జ్వరం, విరేచనాలు ఉన్న రోజున పాపతో పాటు తల్లి కూడా ఇంటి దగ్గర ఉండిపోతుందనీ, ఆ రోజుల జీతం కోయబోమనీ ముందే చెప్పండి. కోస్తారనుకుంటే ఆ తల్లి జ్వరం మందు పట్టించి పాపను తీసుకువస్తుంది.

మూడేళ్లు నిండిన పిల్లకు అంగన్‌వాడీలో ఆటపాటలతో కూడిన పూర్వ ప్రాథమిక విద్య, మధ్యాహ్నం గుడ్డుతో భోజనం దొరుకుతాయి. వేరే జిల్లా నుంచి వచ్చారని వెనకాడనక్కరలేదు. ఊళ్లో పేరు ఉంటే పోషణ్ ట్రాకర్ (అంగన్‌వాడీ పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ యాప్) ద్వారా ఇక్కడి కేంద్రానికి మార్చుకోవచ్చు. అయితే కేంద్రం సాయంత్రానికి ముందే మూసివేస్తారు, మీ పని వేళలు ఆరున్నర దాకా. కాబట్టి పాపను పొద్దున దించి రావడానికీ, మళ్లీ తీసుకురావడానికీ ఆవిడ మీ బాబును ఎత్తుకుని బయటికి వెళ్లడానికి మీరు ఒప్పుకోవాలి. దగ్గరలో కేంద్రం ఉంటే ఇదే మేలైన దారి.

ఆయా_కూతురు:

మా అమ్మ విజయవాడలో ఒక ఇంట్లో ఆయాగా పనిచేసింది, నేను ఆమె వెంట వెళ్లి పెరిగాను. "ఒక మూలన కూర్చుంటుంది" అన్న మాటను మీరు ఒప్పందంగా తీసుకోవద్దని కోరుతున్నాను. మూడేళ్ల పిల్ల పది గంటలు మూలన కూర్చోవాలంటే ఆ తల్లి రోజంతా కళ్లతో బెదిరిస్తూ ఉండాలి. పాప నడుస్తుందనీ, ముట్టుకుంటుందనీ, అరుస్తుందనీ అనుకునే ఒప్పుకోండి. అది మీకు కుదరదనిపిస్తే ఇప్పుడే కాదని చెప్పండి.

రెండోది ఇంకా ముఖ్యం. ఇప్పుడు మూడేళ్ల పిల్ల, రేపు ఆరేళ్లది అవుతుంది. "తమ్ముడికి నీళ్ల సీసా అందించు", "కాసేపు ఆడించు, అమ్మ స్నానానికి వెళ్లింది" అన్న మాటలు ఎవరికీ పని చెప్పినట్టు అనిపించవు, అవి ప్రేమగానే వస్తాయి. కొన్నాళ్లకు ఆ పిల్ల జీతం లేని రెండో ఆయా అవుతుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇంటి పనిలో పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచే నిషేధించారు. 2016 సవరణతో ఆ వయసు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదని చట్టం చెప్పింది. సొంత కుటుంబానికి బడి వేళల తర్వాత సాయపడటం వంటి మినహాయింపులు ఉన్నాయి గాని, మీ ఇల్లు ఆ పాప కుటుంబం కాదు. ఆరేళ్లు వచ్చేసరికి ఆమె బడిలో ఉండాలి, సెలవుల్లో వచ్చినా పుస్తకంతోనో ఆటతోనో ఉండాలి. మా అమ్మ పనిచేసిన ఇంటావిడ నన్ను ఎప్పుడూ ఏ పనీ అడగలేదు, ఎవరైనా బంధువులు అడిగితే "తను చదువుకుంటోంది" అని ఆవిడే లేచి వెళ్లేవారు. ఆవిడ మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉండటానికి కారణం అదే.

మాదాపూర్_ఉద్యోగిని:

2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టంలో కూడా 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది కేటాయించాలని ఉండేది. ఇళ్లలో పనిచేసే ఆయాకు ఇలాంటివేవీ వర్తించవు. మన పిల్లలను చూసే మనిషి బిడ్డను ఎవరు చూడాలన్నది పూర్తిగా మన మంచితనానికే వదిలేశారు, ఇది నన్ను చాలా బాధపెడుతుంది. మీ ఇంట్లో వీలు కాకపోతే మనిషిని వదులుకోకుండా, దగ్గరలోని మంచి ప్లే స్కూలు రుసుములో సగమైనా మీరు భరించే మార్గం కూడా ఆలోచించండి.

మియాపూర్_తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మావారితో కూర్చుని మాట్లాడాను. జీతం తగ్గించము; వంటపని మరొకరికి అప్పగిస్తాము; గడియలు ఈ వారమే పెట్టిస్తాము. మా వీధి చివర అంగన్‌వాడీ ఉందని తెలిసింది, పాపను అక్కడ చేర్పించడానికి నేనే ఆవిడతో వెళతాను. ఒక్క చిక్కు మిగిలింది. పనివాళ్ల పిల్లలు పార్కులో ఆడకూడదని మా అసోసియేషన్ వారు కింద బోర్డు పెట్టారు. సాయంత్రం బాబును కిందికి తీసుకువెళ్లినప్పుడు పాప గేటు దగ్గర నిలబడవలసిందేనా?

కూకట్‌పల్లి_అమ్మ:

నిలబడనివ్వకండి. మా దగ్గరా అదే బోర్డు ఉండేది. ఆ పిల్లవాడు మా ఇంటి అతిథి అనీ, అతని పూచీ మాదేననీ మా ఫ్లాటు నంబరుతో కార్యదర్శికి ఉత్తరం రాసి ఇచ్చాము, వాచ్‌మన్‌కు కూడా మేమే చెప్పాము. మొదటి వారం రోజులు మీరో మీవారో తప్పకుండా వెంట దిగండి. ఎవరైనా అభ్యంతరం చెబితే ఆ మాట మీతో అనాలి గాని ఆవిడతో కాదు.