ఆర్టీసీకి ఇస్తే ఖర్చు, ప్రైవేటుకి ఇస్తే ఆదానా?

మియాపూర్ ప్రయాణికుడు:
మెట్రో కంపెనీ కట్టింది, కంపెనీ నడిపింది. ఆర్టీసీకేమో ఏటా మన పన్నుల డబ్బు పోయాలి. హైదరాబాద్ సిటీ బస్సులు కూడా ప్రైవేటుకే ఇచ్చేస్తే ఆ భారం తప్పుతుంది కదా?

నాచారం నుంచి:
తప్పలేదండీ, మెట్రో సంగతే చూడండి. 2008లో సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మైటాస్ కంపెనీ బృందం, ప్రభుత్వం పైసా ఇవ్వక్కర్లేదు, 35 ఏళ్లలో ఎదురు మేమే 30,311 కోట్లు కడతాం అని టెండరు దక్కించుకుంది. సత్యం కుంభకోణం బయటపడ్డాక 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీకి దక్కినప్పుడు 1,458 కోట్లు ప్రజల సొమ్ములోంచి సాయంగా మంజూరైంది. 2017 నవంబరులో రైళ్లు మొదలయ్యాయి. చివరికి 2025 సెప్టెంబరులో మొదటి దశను తానే తీసుకుంటానని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. సుమారు 13,000 కోట్ల అప్పు తన మీద వేసుకుని, వాటా కింద కంపెనీకి ఇంకో 2,000 కోట్లు ఇస్తానంది. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ లైను 2013లో, గుర్‌గావ్ ర్యాపిడ్ మెట్రో 2019లో ఇలాగే ప్రభుత్వ సంస్థ చేతికొచ్చాయి. మనం రెండు సార్లు కడుతున్నాం, ఒకసారి టికెట్లో, ఇంకోసారి పన్నులో. ఆ టికెట్టూ తగ్గలేదు. 60 రూపాయలున్న గరిష్ఠ ఛార్జీ 2025 మేలో 75 అయింది, వారానికే కొంత తగ్గించి 69 చేశారు.

మియాపూర్ ప్రయాణికుడు:
మెట్రోలో ఏసీ ఉంది, ట్రాఫిక్ లేదు. నాకు రోజూ గంట కలిసొస్తుంది. దానికి విలువ లేదా?

నాచారం నుంచి:
ఎందుకు లేదు, చాలా ఉంది. మెట్రో వద్దని నేననను. కానీ మా ఇంట్లో పనిచేసే అక్క లెక్క కూడా వినండి. మల్లాపూర్ నుంచి తార్నాక, రానూ పోనూ షేరాటోకి 40 రూపాయలు. నెలలో 26 రోజులు, అంటే 1,040. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటోంది. ఆ వెయ్యి కూతురి ట్యూషన్‌కి పోతోంది. బస్సు తప్పిన రోజు మాత్రం చేతిలో ఇరవై నోటు మడిచి పట్టుకుని షేరాటో ఎక్కుతుంది.

ఆ జీరో టికెట్ల డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాల్సిందే. దాన్ని నష్టం అని రాసి, మెట్రో అప్పుని మాత్రం పెట్టుబడి అని రాస్తే నేను ఒప్పుకోను. రెండూ ఒకే పద్దులో రాయండి, అప్పుడు ఏది ఖరీదో మాట్లాడుకుందాం.