పర్లాకిమిడి నుంచి: ల్యాప్‌టాప్ మాటిమాటికీ బిగుసుకుపోతోంది

2018లో కొన్నది, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి, టీ పెట్టుకుని తాగి వచ్చినా ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, క్రోమ్ తెరిచానంటే మౌస్ కూడా కదలదు. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కో అన్నాడు. నిజమేనా?

జవాబు (రాయగడ):
మదర్‌బోర్డు పోతే ఇంతసేపు పనిచేస్తుందా తమ్ముడూ! కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎంత చూపిస్తోంది?

అడిగినవారు:
ఏమీ తెరవకుండానే డిస్క్ 100, మెమరీ 88 శాతం. చెవి ఆనిస్తే లోపల టిక్ టిక్‌మంటోంది అన్నా.

జవాబు (రాయగడ):
అయితే హార్డ్ డిస్కే. ఆ చప్పుడు వచ్చాక అది ఎప్పుడు పోతుందో చెప్పలేం, ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు ఇవాళే వేరే దాంట్లోకి కాపీ చేసుకో. నాదీ ఇదే గోల, విజయనగరం వెళ్లినప్పుడు 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు, పాతదాని కనెక్టర్‌కే సరిపోయే రకం) కొని, పాత డిస్కు స్థానంలో పెట్టి, విండోస్ కొత్తగా ఎక్కించా. ఇప్పుడు అర నిమిషంలో లేస్తోంది.

జవాబు (జయపురం):
ర్యామ్ కూడా 8 చేయించండి, ఖాళీ స్లాట్ ఉందో లేదో టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గరే కనిపిస్తుంది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, అదీ చూసుకోండి.

అడిగినవారు:
కాపీ పెట్టా. 3 గంటలు చూపిస్తోంది, ఈలోపు కరెంటు పోకపోతే చాలు.