మొదటిసారి ఫైటర్ ఫిష్ కొంటున్నాం, రెండు లీటర్ల బౌల్ చాలదా?

శ్రావణి_ఉప్పల్:
మా పాప ఫైటర్ ఫిష్ కావాలని పట్టుబట్టింది. షాపులో నీలం రంగు మగ చేప 150 రూపాయలు చెప్పారు. రెండు లీటర్ల గాజు బౌల్, రంగు రాళ్లు, మేత డబ్బా కూడా కలిపి ఇస్తామన్నారు. "దీనికి ఫిల్టర్ వద్దమ్మా, గాలి పీల్చే చేప, వారానికోసారి నీళ్లు మారిస్తే చాలు" అన్నాడు షాపతను. ఇంటర్నెట్‌లో చూస్తేనేమో ఇరవై లీటర్ల ట్యాంకు, ఫిల్టరు, హీటరు అంటున్నారు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ చేపలు పెంచలేదు. ఇంకా కొనలేదు, ఎవరి మాట వినాలో చెప్పండి.

బాదంచెట్టు:
గాలి పీల్చే చేప అన్నది నిజమేనండీ. ఫైటర్‌కి మొప్పలతో పాటు లాబిరింత్ అనే అవయవం ఉంటుంది, పైకొచ్చి గాలి గుటక వేసి వెళ్తుంది, అందుకే ఆక్సిజన్ తక్కువున్న నీళ్లలో కూడా బతుకుతుంది. కానీ ఫిల్టర్ పెట్టమనేది గాలి కోసం కాదు. చేప మొప్పల నుంచి, దాని రెట్ట నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి నీళ్లలోకి అమ్మోనియా చేరుతుంది. ఫిల్టర్ స్పాంజ్‌లో పెరిగే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకి విషం, మూడోది మరీ పెరిగితే తప్ప పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఆ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండు లీటర్లలో ఆ విషం చూస్తుండగానే పెరిగిపోతుంది, అదే ఇరవై లీటర్లలో అయితే మీకు కాస్త టైం దొరుకుతుంది. బౌల్ కొనకండి.

చేపలపిచ్చి:
మగవి రెండు కలిపి పెట్టకండి అక్కా, ఒకదాన్నొకటి చీల్చేసుకుంటాయి.

కూకట్‌పల్లి_నైట్‌షిఫ్ట్:
భయపెట్టకండి సార్ కొత్తవాళ్లని. నా ఫైటర్ మూడు లీటర్ల బౌల్‌లో రెండేళ్లు దాటి హాయిగా ఉంది. పిలిస్తే వస్తుంది, గుడ్ల కోసం నీటి పైన నురగ గూడు కూడా కడుతుంది. రోజు మార్చి రోజు సగం నీళ్లు మారుస్తాను, అంతే. అసలు ఇది థాయిలాండ్‌లో వరి మళ్లలో, గుంటల్లో పుట్టిన చేప. 2019లో వాళ్ల జాతీయ జలచరంగా ప్రకటించుకున్నారు కూడా. అంత గొప్పగా చూసుకునే దేశంలోనే పెంపకందార్లు వీటిని వరసగా సీసాల్లో పెట్టి పెంచుతారు. వాళ్లకి తెలియనిది మనకి తెలుసా?

తెనాలి_సైన్సు_మాష్టారు:
బాబూ, వరి మడి అంటే గుంట కాదు. లోతు జానెడే ఉంటుంది గానీ నీళ్లు ఎంత మేర పరుచుకుని ఉంటాయో మా కృష్ణా డెల్టాకి వచ్చి చూడు. అందులో గడ్డి, పురుగులు, నీడ అన్నీ ఉంటాయి. అది వదిలేయండి, అసలు విషయం ఎవరూ అడగలేదు. అమ్మా శ్రావణీ, మీవి నల్లా నీళ్లా, బోరు నీళ్లా? నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది మొప్పల్ని కాలుస్తుంది. బకెట్‌లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచాలి.

బాదంచెట్టు:
సీసాల సంగతి. పెంపకందార్లు మగవాటిని విడివిడిగా పెట్టేది తోకలు చింపుకోకుండా, అమ్ముడుపోయే దాకా. అది అమ్మేవాడి అవసరం. ఇంట్లో రెండు మూడేళ్లు ఉండాల్సిన చేపకి అదే కొలత ఎలా అవుతుంది? నురగ గూడంటారా, ఈడొచ్చిన మగ చేప చిన్న కప్పులో ఉన్నా కడుతుంది. దాన్ని బట్టి సుఖంగా ఉందని చెప్పలేం.

కూకట్‌పల్లి_నైట్‌షిఫ్ట్:
గూడు కట్టినా తప్పే, పిలిస్తే వచ్చినా తప్పే. రెండేళ్లు బతకడం కంటే ఏం సాక్ష్యం కావాలి మీకు?

తెనాలి_సైన్సు_మాష్టారు:
క్లోరిన్ గురించి అడిగాను, ఎవరూ పలకలేదు.

చేపలపిచ్చి:
యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి మాష్టారూ, కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంది.

తెనాలి_సైన్సు_మాష్టారు:
మందు ఎందుకు నాయనా, ఎండలో పెడితే క్లోరిన్ దానంతటదే పోతుంది.

బాదంచెట్టు:
క్లోరిన్ అయితే పోతుంది మాష్టారూ. కొన్ని ఊళ్లలో దాని బదులు క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమిన్ కలుపుతారు, అది బకెట్‌లో ఒక రోజు ఉంచినా పోదు. కొత్తవాళ్లు చుక్కలు వేసుకోవడమే నయం. ఇక బోరు నీళ్లైతే పీహెచ్ ఎక్కువగా ఉండొచ్చు, పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. చిన్న బౌల్ వద్దనడానికి అదొక కారణం. ఇంకోటి చలి. డిసెంబరులో హైదరాబాద్ రాత్రులు 15 డిగ్రీల కిందికి పోతాయి. ఈ చేపకి 24 నుంచి 28 దాకా కావాలి. బౌల్ నీళ్లు గదితో పాటే చల్లబడతాయి. చేప రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉంటుంది, మేత ముట్టదు. అంత తక్కువ నీళ్లలో హీటర్ పెడితే ఉడికిపోయే ప్రమాదం.

బెజవాడ_అక్వేరియం:
నేను షాపు నడిపేవాడినే. అందరూ మమ్మల్నే అంటారు కాబట్టి చెప్తున్నా. మాకు సరుకు చెన్నై కొళత్తూరు నుంచి వస్తుంది, ఒక్కో కవర్లో ఒక్కో చేప, గుక్కెడు నీళ్లు. దించగానే కప్పుల్లోకి మారుస్తాం, రోజూ నీళ్లు మారుస్తాం. ట్యాంకు కొనండి అని నేను చెప్తే కస్టమర్ మొహం చిట్లించి పక్క షాపుకి పోయి బౌల్‌తో కొనుక్కుంటాడు. చేపకి అదే గతి, నాకు బేరం పోయింది. నేనేం చేయాలి చెప్పండి.

కూకట్‌పల్లి_నైట్‌షిఫ్ట్:
ఏ చర్చ చూసినా ఇదే. ట్యాంకు, స్టాండు, ఫిల్టరు, హీటరు అన్నీ కలిపితే మూడు వేలు. పోయిన అద్దె గదిలో నేను పెద్ద ట్యాంకే పెట్టాను. ఫ్లోర్ మీద నీళ్లు కారాయని ఇంటి ఓనరు నానా మాటలు అని అడ్వాన్సులో కోసుకున్నాడు. ఒంటరిగా అద్దె గదిలో ఉండేవాడు 150 రూపాయల చేప కూడా పెంచుకోకూడదా? ఇవన్నీ సొంతిల్లు ఉన్నవాళ్ల మాటలు.

బాదంచెట్టు:
డబ్బే అడ్డమైతే గాజు అక్కర్లేదు. ప్లాస్టిక్ సామాన్ల షాపులో మూత ఉన్న పాతిక లీటర్ల డబ్బా తీసుకోండి, మూతకి చిల్లులు పెట్టండి, ఒక స్పాంజ్ ఫిల్టరు, చిన్న గాలి పంపు. హీటర్ కాక వెయ్యి రూపాయల లోపే సర్దుకోవచ్చు. వీధిలో బాదం చెట్టు కింద రాలిన ఎండుటాకు ఒకటి కడిగి వేస్తే నీళ్లు కొంచెం రంగు తేలతాయి, చేపకి అది ఇష్టం, ఖర్చు సున్నా. నేనూ అద్దింట్లోనే ఉంటాను. గాజు లేకపోతే పగిలే భయం లేదు, మీ ఓనరు గొడవా ఉండదు.

కూకట్‌పల్లి_నైట్‌షిఫ్ట్:
ఆ డబ్బాలో నాకు చేప సరిగ్గా కనిపించదు. మసకగా ఉంటుంది, మంచం పక్కన పట్టదు, ఎక్కడో మూలన పెట్టాలి. తెల్లవారుజామున షిఫ్ట్ నుంచి వస్తే గదిలో ఇంకో ప్రాణి ఉండదండీ. లైటు వేయగానే గాజు దగ్గరికి వస్తుంది, వేలు పెడితే వేలి వెంట తిరుగుతుంది, తోక మొత్తం విప్పుతుంది. నాకు అది కావాలి. స్టూలు మీద పట్టేది బౌలే.

బాదంచెట్టు:
ఇంతసేపూ డబ్బన్నారు, ఓనరన్నారు. మీ స్టూలు కొలతకి దాని బతుకు కుదించమంటున్నారు, అంతే కదా.

కూకట్‌పల్లి_నైట్‌షిఫ్ట్:
అవును, చూసుకోవడానికే పెంచుతున్నాను. మీరు మాత్రం దేనికి పెంచుతున్నారు? మనిషి తన సంతోషం కోసమే చేపని కొంటాడు. చేప సుఖమే ముఖ్యమైతే అసలు కొనకూడదు, షాపు వైపే వెళ్లకూడదు. ట్యాంకు పెద్దదైనంత మాత్రాన మీకు పుణ్యం రాదు.

బాదంచెట్టు:
కొనకపోతే ఇంకా మంచిదే, కాదనను. కానీ కొన్నాక అది ఎటూ పోలేదు, మనం పెట్టిన చోటే ఉండాలి. కనిపించకపోతే పెంచను అనేవాళ్లు పెంచకపోవడమే మంచిదని నా నమ్మకం. ఇందులో మీకూ నాకూ కుదరదు.

శ్రావణి_ఉప్పల్:
మీ ఇద్దరి మాటా అర్థమైంది. మాకు హాల్లో టీవీ పక్కన సిమెంటు షెల్ఫు ఉంది, అడుగున్నర ట్యాంకు పడుతుంది, పాపకీ కనిపిస్తుంది. ముందు ట్యాంకే కొంటాం. హీటర్ ఎన్ని వాట్లు తీసుకోవాలి? ఆ బాక్టీరియా నిలదొక్కుకునే దాకా చేప రాదంటే పాప ఒప్పుకోవడం లేదు, అదొక టెన్షన్.

బెజవాడ_అక్వేరియం:
ఇరవై లీటర్లకి 25 వాట్లు చాలమ్మా. వేడి సరిపోగానే దానంతటదే ఆగే థర్మోస్టాట్ ఉన్నదే అడగండి. నీళ్లు తీసేటప్పుడు ముందు ప్లగ్ పీకాలి, లేకపోతే హీటర్ గాజు పగులుతుంది.

బాదంచెట్టు:
రోజూ చిటికెడు మేత పాప చేతే ఖాళీ ట్యాంకులో వేయించండి. అది కుళ్లి అమ్మోనియా అవుతుంది, బాక్టీరియాకి అదే తిండి. నీళ్లలో అమ్మోనియా, నైట్రైట్ ఎంతున్నాయో చూసే టెస్ట్ కిట్ కూడా పాపకే ఇవ్వండి, గొట్టంలో రంగు మారడం చూస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ పెరిగి మళ్లీ రెండూ సున్నాకి దిగాక సగం నీళ్లు మార్చి, చేప కోసం షాపుకి వెళ్లండి.