గెడ్డ మీద మట్టికట్ట: భయపడాలా, వద్దా?

గెడ్డవీధి (చర్చ మొదలుపెట్టినవారు):
మా కాలనీకి ఎగువన, కొండల్లోంచి దిగే గెడ్డకి, అంటే వాగుకి, అడ్డంగా పాత మట్టికట్ట ఉంది. కొండనీరంతా ఒక్కసారిగా ఊరి మీద పడకుండా ఎప్పుడో కట్టారు. రెండంతస్తుల మేడంత ఎత్తు. నిన్న వాకింగ్‌కి వెళ్తే, కట్ట కింద అంచున మంచమంత జాగా తడిగా కనిపించింది. వారంగా చినుకు లేదు. కాలు పెడితే చెప్పు దిగబడిపోయింది. పక్కనే తాడిచెట్టు, పైనంతా తుమ్మలు. బంగాళాఖాతంలో వాయుగుండం అంటున్నారు. ఈ కట్ట ప్రమాదకరమా, కాదా? ఒక్క మాటలో చెప్పండి.

బీచ్‌రోడ్ బాబు:
పోయిన నెల అదే కట్ట మీద సెల్ఫీ పెట్టావు కదన్నా. అప్పుడు లేదా ప్రమాదం?

రిటైర్డ్ ఏఈ:
ఒక్క మాటలో చెప్పేది కాదు బాబూ. కట్ట ఎలా ఉంది అన్నది ఒక ప్రశ్న. తెగితే కింద ఎవరున్నారు అన్నది వేరే ప్రశ్న. ముప్పై ఏళ్ళ క్రితం ఆ కట్ట తెగితే నాలుగు వరిమళ్ళు పోయేవి. ఇప్పుడు తెగితే మీ కాలనీ. కట్ట అదే, మట్టి అదే, ముప్పు మాత్రం పదింతలు. అది కట్ట చేసిన తప్పు కాదు.

ఇక తడి సంగతి. ఊట లేని మట్టికట్ట లోకంలో లేదు. ఊట తేటగా, పెరగకుండా వస్తే అంత కంగారు లేదు, బురదగా వస్తే ఉంది. నీరు లోపలి మట్టిని కొంచెం కొంచెం తోడుకుంటూ గొట్టంలాంటి దారి చేసుకుంటుంది. కింది అంచున మొదలై వెనక్కి, చెరువు వైపు పాకుతుంది. ఆ దారి నీళ్ళని చేరిన రోజు గండి పడటానికి గంటలు చాలు. గాజు సీసాలో ఆ నీళ్ళు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచు. పొద్దున్న అడుగున ఏముందో చూసి చెప్పు. ఇంకోటి, కళింగ, అదే ఎక్కువైన నీరు పొర్లిపోయే అలుగు, ఎలా ఉంది? దాని సంగతి రాయలేదు.

పెందుర్తి మాస్టారు:
అందరూ ఊట గురించే మాట్లాడుతున్నారు. అసలు శత్రువులు పీతలు, పందికొక్కులు. మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా తివారే డ్యామ్ 2019 జులై 2న తెగినప్పుడు పీతల వల్లే అని సాక్షాత్తు మంత్రిగారే అన్నారు. మా ఇంట్లో పందికొక్కులు కొత్త బండి వైర్లు రెండుసార్లు కొరికేశాయి. మెకానిక్ నమ్మలేదు. మట్టికట్ట ఒక లెక్కా?

రిటైర్డ్ ఏఈ:
మాస్టారూ, ఆ మంత్రిగారి మాట విని జనం పీతల్ని పోలీస్ స్టేషన్‌కి పట్టుకెళ్ళి అరెస్ట్ చేయమన్నారు. బొరియలు లేవని నేననను. ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందూ తర్వాతా, పొదలు కొట్టి కట్టంతా నడిచి చూస్తే బొరియ బొరియగానే ఉండగా దొరుకుతుంది. చూసేవాడు లేనప్పుడే పీత మీద నేరం పడుతుంది.

పెందుర్తి మాస్టారు:
అంటే బొరియలు ఉన్నాయని ఒప్పుకున్నట్టే.

ప్లాట్ 40:
దయచేసి ఇలాంటి పోస్టులు ఆపండి. నా ప్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చిన మనిషి ఈ చర్చ చూసి డబ్బు వెనక్కి అడుగుతున్నాడు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది, 2014 అక్టోబర్ 12. ఊళ్ళో చెట్టు నిలవలేదు. కట్ట నిలిచింది. ఇంకేం రుజువు కావాలి?

రిటైర్డ్ ఏఈ:
హుద్‌హుద్ మన ఊరిని కొట్టింది ఎక్కువగా గాలితో. గాలికి మట్టికట్ట తెగదు. నీరు పైనుంచి పొర్లితే తెగుతుంది. కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు చూడండి. 2021 నవంబర్ 19న పైనున్న పింఛా డ్యామ్ తెగి, ఆ నీరు కూడా మీద పడి, మట్టికట్ట కొట్టుకుపోయింది. దానికి గేట్లయినా ఉన్నాయి. మన మేఘాద్రి గెడ్డ రిజర్వాయర్‌కీ ఉన్నాయి, నీటిమట్టం పెరిగితే ఎత్తి వదులుతారు. మీ కట్టకి ఉన్నదల్లా ఒక మదుం (తూము), ఒక కళింగ. అందుకే రెండోసారి అడుగుతున్నాను, కళింగ ఎలా ఉంది?

బోరు లలిత:
డ్యామ్ సేఫ్టీ చట్టం 2021లోనే వచ్చిందిగా. ఆఫీసర్లు చూసుకుంటారు. మనకెందుకు టెన్షన్?

రిటైర్డ్ ఏఈ:
అమ్మా, ఆ చట్టం 15 మీటర్ల పైన ఎత్తున్న డ్యాములకి. 10 నుంచి 15 మధ్యవి అయితే పొడవు 500 మీటర్లు, నిల్వ పది లక్షల ఘనపు మీటర్లు లాంటి షరతుల్లో ఒకటైనా ఉండాలి. రెండంతస్తుల కట్ట దాని కిందికి రాదు.

గెడ్డవీధి:
అంటే చిన్నదైతే మనుషులు మునగరా? ఇదేం న్యాయం సార్?

రిటైర్డ్ ఏఈ:
చట్టం రాసింది నేను కాదు. మూడోసారి: కళింగ?

ప్లాట్ 40:
ఆ తడి చోట సిమెంట్ ప్లాస్టరింగ్ చేయిస్తే సరిపోదా? ఖర్చు నేను పెట్టుకుంటాను.

రిటైర్డ్ ఏఈ:
ఆ పని మాత్రం చేయకండి! నీరు బయటికి రావాలి, మట్టి లోపలే ఉండాలి. మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట తన్నుకొస్తుంది. బురద ఊట కనబడితే దాని మీద ముందు ఇసుక, పైన చిన్న కంకర, ఆ పైన పెద్ద కంకర. అంతే, వెంటనే కబురు పెట్టాలి. తాడిచెట్టునీ పీకొద్దు, వేళ్ళు కుళ్ళితే అవే గొట్టాలవుతాయి.

బీచ్‌రోడ్ బాబు:
ఏఈ గారూ, మీరెన్నిసార్లు అడిగినా అన్న చెప్పడు. కళింగ మీద రెండు వరసల ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి. పోయిన వేసవిలో కాలనీవాళ్ళే పెట్టారు. నేనూ మోశాను, ఇడ్లీ పెట్టించారు.

రిటైర్డ్ ఏఈ:
అదా! ఇంతసేపూ పీతల మీద, చట్టం మీద మాట్లాడించి, అలుగుని మీరే మూసుకున్నారా? వరద ఆపే కట్ట వానాకాలంలో ఖాళీగా ఉండాలయ్యా. నిండుకుండ మీద కుండపోత పడితే నీళ్ళెటు పోతాయి? కట్ట మీంచే. గెడ్డ దారిలో ఇళ్ళు కట్టుకోవడం ఒకటి, మళ్ళీ ఈ తెలివొకటి.

గెడ్డవీధి:
నోరు జారకండి సార్. లేఅవుట్‌కి సంతకాలు పెట్టింది ఎవరు? మీలాంటి ఇంజినీర్లే. మేం ప్లాన్ చూసి కొన్నాం, గెడ్డని చూసి కాదు.

రిటైర్డ్ ఏఈ:
అలాంటి లేఅవుట్ ఒకదానికి నేను వద్దని నోట్ రాశాను. పదిహేను రోజుల్లో ట్రాన్స్‌ఫర్. మా అమ్మాయి పదో తరగతి మధ్యలో ఊరు మారాం. నాకు చెప్పకు.

బోరు లలిత:
అరుపులు ఆపితే నేనొకటి చెప్తాను. బస్తాలు పెట్టమన్నది నేనే. మూడు వేసవులు మా వీధి బోర్లు ఎండిపోయాయి. తెల్లారి నాలుగింటికి లేచి ట్యాంకర్ కోసం నిలబడింది నేను. బస్తాలు పెట్టాక మేలో కూడా బోరు పలికింది. మీకు పదేళ్ళకోసారి వచ్చే వరద కనిపిస్తోంది, నాకు రోజూ ఖాళీ బిందె కనిపిస్తోంది. కట్ట ఖాళీగా ఉంచాలంటే ట్యాంకర్ డబ్బులు ఎవరిస్తారో ముందు చెప్పండి.

గెడ్డవీధి:
నేనూ ఐదొందలిచ్చాను బస్తాలకి. దాచాలని కాదు. అడిగితే మీ అందరి మీదా చెప్పినట్టవుతుందని ఊరుకున్నా.

రిటైర్డ్ ఏఈ:
లలితమ్మా, నీ బాధ అబద్ధమని అనలేదు. వానలు వెనకబడ్డాక, డిసెంబర్‌లో బస్తాలు పెట్టుకో, నేనే వచ్చి పేరుస్తాను. అక్టోబర్‌లో వద్దు.

బోరు లలిత:
డిసెంబర్‌లో వాన పడకపోతే దేన్ని ఆపుతాం సార్, గాలినా?

పెందుర్తి మాస్టారు:
బస్తాల కింద పీతలు చేరతాయి. రాసిపెట్టుకోండి.

గెడ్డవీధి (మర్నాడు పొద్దున్న):
రెండు సీసాలు పట్టాను. తడి జాగా మధ్యలో పట్టింది తేటగా ఉంది, అడుగున ఏమీ లేదు. తాడిచెట్టు మొదట్లో పట్టిన దాంట్లో గోరంత మందం ఎర్రమట్టి పేరుకుంది.

రిటైర్డ్ ఏఈ:
పట్టేటప్పుడు కాలితో కెలికావా?

గెడ్డవీధి:
చెప్పు దిగబడిందని మొదటి రోజే రాశానుగా సార్. కెలికానో లేదో నాకే తెలియడం లేదు.

రిటైర్డ్ ఏఈ:
అయితే ఆ సీసా లెక్కలోకి రాదు, పక్కనా పడెయ్యకు. చిన్న గుంట తీసి, గంటసేపు తేరుకోనిచ్చి, అంచు నుంచి మళ్ళీ పట్టాలి. నేను ఏడింటికి బయల్దేరుతున్నా. సంబంధిత ఆఫీసుకి ఇప్పుడే ఫోన్ చేసి ఈ ఊట సంగతి చెప్పు, ఎప్పుడు చెప్పావో రాసి ఉంచుకో. సీసా ఎలా ఉన్నా సరే, వాయుగుండం లోపు బస్తాలు తీయాలి.

బీచ్‌రోడ్ బాబు:
మోసినవాణ్ణి నేనే, దించేదీ నేనే. ఈసారి ఇడ్లీతో కుదరదు, పెసరట్టు.

ప్లాట్ 40:
ఫొటోలు మాత్రం ఇక్కడ పెట్టకండి ప్లీజ్.

బోరు లలిత:
నేనూ వస్తున్నా. తీయడానికి కాదు, ఎన్ని తీస్తారో లెక్కపెట్టుకోవడానికి.