అప్‌డేట్: వీల్‌చైర్‌లో బాబు జారిపోవడానికి కారణం దొరికింది

సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల కండరాలపై అదుపు తగ్గే స్థితి) ఉన్న మా బాబు వీల్‌చైర్‌లో కూర్చోబెట్టిన పావుగంటకే ముందుకు జారిపోతున్నాడని నెల కిందట అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బెల్టు బిగిస్తే ఎర్రగా గీతలు పడ్డాయంతే. కొత్త కుషనైతే డబ్బు దండగ. "సీటు లోతు (వెనక నుంచి ముందు అంచు దాకా పొడవు) కొలిపించండి" అన్నవారి మాటే నిజమైంది. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (కూర్చోవడం లాంటి రోజువారీ పనులు తేలికయ్యేలా సాయపడే నిపుణులు) మోకాలి వెనక వేళ్లు పెట్టి చూశారు. సీటు అంచుకీ పిక్కకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలట, మావాడికి ఒక్క వేలూ దూరలేదు. ఎదిగాక కూడా పనికొస్తుందని పెద్ద సైజు కొన్నది మేమే! అంచు ఒరుసుకుంటుంటే నడుము ముందుకు జరుపుకుంటున్నాడు పాపం, మేమేమో మొండితనం అనుకున్నాం.

సీటు లోతు తగ్గేలా వీపు వెనక గట్టి ప్యాడ్ వేసి, పాదాలు పూర్తిగా ఆనేలా ఫుట్‌రెస్ట్ పైకి లేపారు. ఇప్పుడు గంటసేపు జారకుండా కూర్చుంటున్నాడు.