డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: మనిషిని ఇంటికి పంపి బండిని స్టేషన్‌లో ఉంచుకోవడం సబబేనా?

బర్కత్‌పురా వాసి:

మా బావమరిది ఒక విందుకు వెళ్తూ నా మోటార్‌సైకిల్ అడిగి తీసుకున్నాడు. తిరిగి వస్తుండగా రాత్రి తనిఖీలో ఆపి ఊదించారు. మీటరు మీద 64 చూపించింది. చట్టం అనుమతించే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములే కనుక కేసు పెట్టడంపై నాకు ఏ అభ్యంతరమూ లేదు. పెట్టాలి కూడా. అతడి చేత సంతకాలు చేయించుకుని, ఫొటో తీసుకుని, ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు రమ్మని చెప్పి ఆ రాత్రే పంపించేశారు. అతడు ఆటో ఎక్కి ఇంటికి చేరుకున్నాడు. నా బండి స్టేషన్ ఆవరణలో ఉండిపోయింది.

మర్నాడు ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, ఆధార్ పట్టుకుని వెళితే, కోర్టులో జరిమానా కట్టిన రసీదు తెస్తేనే బండి ఇస్తామన్నారు. కోర్టు తేదీ ఎప్పుడని అడిగితే, కౌన్సెలింగ్ పూర్తయ్యాక తెలుస్తుందన్నారు. తెలిసినవారి ద్వారా ఫోన్ చేయించి బండి విడిపించుకునే ఉపాయాలు నాకు అక్కర్లేదు. తాగింది నేను కాదు, నడిపింది నేను కాదు, యజమానిగా కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. అలాంటప్పుడు కేసు తేలేవరకు బండిని ఆపి ఉంచడం న్యాయమా అన్నదే నా ప్రశ్న. కారణాలతో చర్చించవలసిందిగా మనవి.

సీతాఫల్‌మండి మాస్టారు:

న్యాయమే అంటాను. మీకు కష్టంగా తోచినా చెప్పక తప్పదు.

మన నగరంలో చాలామందికి పదివేల జరిమానా ఒక లెక్కలోది కాదు. ఒక్క సాయంత్రం బిల్లుకు అంతకంటే ఎక్కువ కట్టేవాళ్లు జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 పొడవునా కనిపిస్తారు. వాళ్లు భయపడేది రెండింటికే: ఒకటి జైలు, రెండు బండి చేతిలో లేకపోవడం. మొదటిది అందరికీ పడదు. రెండోదీ తీసేస్తే ఇక మిగిలేది ఒక రసీదు మాత్రమే. 2016 జూలైలో పంజాగుట్టలో తాగి నడిపిన విద్యార్థుల కారు డివైడర్ దాటి ఎదురుగా వస్తున్న కారు మీద పడి ఒక చిన్నారి ప్రాణం తీసిన సంగతి ఈ నగరంలో ఎవరూ మరచిపోయి ఉండరు. అలాంటి ప్రమాదం జరగకముందే ఆపగలిగిన ప్రతి సాధనమూ పోలీసుల చేతిలో ఉండాలని నేను కోరుకుంటాను.

ఇక యజమాని సంగతి. విందుకు వెళ్తున్నానని చెప్పిన మనిషికి తాళం చెవి ఇచ్చారు. మన విందుల్లో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. మోటారు వాహనాల చట్టంలో 188వ సెక్షన్ అని ఒకటుంది; తాగి నడపడానికి ప్రేరేపించినవారికీ, తోడ్పడినవారికీ అదే శిక్ష వర్తిస్తుందని అది చెబుతుంది. మీరు ఆ నేరం చేశారని నేను అనడం లేదు. ఇచ్చినవాడికి ఏ బాధ్యతా లేదన్న మాటను మాత్రం చట్టమే ఒప్పుకోదని అంటున్నాను.

కూకట్‌పల్లి న్యాయవాది:

మాస్టారి ఆవేదన అర్థం చేసుకోదగినదే. కానీ భయం పుట్టిస్తుంది కనుక అధికారం ఉన్నట్టే అన్న తర్కం మాత్రం నిలబడదు. చట్టంలో ఏముందో వరుసగా చూద్దాం.

తాగి నడపడం 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు లేదా 15,000 రూపాయల జరిమానా లేదా రెండూ. వాహనాన్ని జప్తు చేయాలన్న మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. వాహనాన్ని నిలిపి ఉంచే అధికారమిచ్చేది 207వ సెక్షన్. అది లైసెన్సు లేకుండానో, రిజిస్ట్రేషన్ లేకుండానో, పర్మిట్ లేకుండానో నడిపిన సందర్భాల గురించి మాట్లాడుతుంది గాని 185 ఊసెత్తదు. ఇక తాగి నడుపుతున్నవాడిని అరెస్టు చేసే వీలు కల్పించే 202వ సెక్షన్, అవసరమైతే ఆ వాహనానికి తాత్కాలికంగా తగిన ఏర్పాటు చేయవచ్చునని మాత్రమే అంటుంది. నడిరోడ్డు మీద బండిని అనాథగా వదిలేయకూడదు కాబట్టి ఆ ఏర్పాటు. దాన్ని వారాల తరబడి సాగదీయడానికి ఆ మాటల్లో చోటు లేదు.

ఈ వాదన నా సొంతం కాదు. ఇలాగే బండ్లు పోగొట్టుకున్నవారు వేసిన రిట్ పిటిషన్లన్నింటినీ కలిపి విచారించిన తెలంగాణ హైకోర్టు, 2021 నవంబరులో జస్టిస్ కె. లక్ష్మణ్ తీర్పు ద్వారా, తాగి నడిపాడన్న కారణంతో వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు లేదని స్పష్టం చేసింది. పక్కన తాగని మనిషి, లైసెన్సు ఉన్నవాడు ఉంటే బండిని అతడికి అప్పగించాలి. లేకపోతే దగ్గరి బంధువుకో స్నేహితుడికో కబురు చేయాలి. ఎవరూ రాకపోతేనే సమీప స్టేషన్‌కో మరో సురక్షిత స్థలానికో తరలించాలి. ఆ తర్వాత యజమాని గానీ అతడు అధికారమిచ్చిన వ్యక్తి గానీ ఆర్సీ, గుర్తింపు పత్రం, లైసెన్సు చూపితే విడిచిపెట్టాలి. నడిపినవాడి మీద గానీ యజమాని మీద గానీ ప్రాసిక్యూషన్ అవసరమని అధికారి భావిస్తే, వాహనం పట్టుకున్న నాటి నుంచి మూడు రోజుల్లో మేజిస్ట్రేట్ ముందు అభియోగపత్రం వేయాలి. ఈ ఆదేశాలను ఉల్లంఘిస్తే కోర్టు ధిక్కారమవుతుందనీ చెప్పింది.

మరొక విషయం గమనించండి. వాహనాన్ని కూడా శిక్షించాలని శాసనకర్తలు అనుకున్న చోట వారు ఆ మాటను దాచుకోలేదు. మైనర్ చేతికి బండి ఇస్తే ఆ వాహనం రిజిస్ట్రేషన్‌ను పన్నెండు నెలలపాటు రద్దు చేయాలని 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ సూటిగా చెబుతోంది. అదే సవరణలో 185 కింద జరిమానాను రెండు వేల నుంచి పదివేలకు పెంచారు గాని బండి జోలికి పోలేదు. తలచుకుంటే రాయగలిగిన మాటను రాయలేదంటే, ఆ అధికారం ఇవ్వదలచుకోలేదనే అర్థం.

తాగినవాడి చేతిలోంచి నిజంగా లాక్కోవలసింది లైసెన్సు. దాన్ని స్వాధీనం చేసుకుని రవాణా శాఖకు పంపే అధికారం 206వ సెక్షన్ ఇస్తోంది. శిక్ష వేసిన కోర్టు కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హుణ్ని చేయాలని 20వ సెక్షన్ శాసిస్తోంది. మాస్టారు కోరుకునే భయం అక్కడ ఉంది. అది తప్పు చేసినవాడికే తగులుతుంది.

రాత్రి షిఫ్టు క్యాబ్:

నేను పదేళ్లకు పైగా ఈ నగరంలో క్యాబ్ తోలుతున్నాను, కారు నాది కాదు, ఓనరుది. రోజువారీ అద్దె కట్టి మిగిలింది ఇంటికి తీసుకెళ్తాను. మా లైనులో ఎవరైనా తాగి దొరికితే కారు స్టేషన్‌లో ఆగుతుంది, ఈఎంఐ ఆగదు. ఆ భారం మోసేది ఓనరు. అందుచేత న్యాయవాది గారు చెబుతున్న న్యాయం నాకు సబబుగానే కనిపిస్తోంది.

అయితే ఒక నిజం చెప్పాలి. కారు ఆగుతుందన్న భయం వల్లే మా ఓనరు ప్రతి రాత్రి తాళం ఇచ్చేముందు నా ఎదురుగా నిలబడి రెండు మాటలు మాట్లాడిస్తాడు. నోటి వాసన చూడటానికే అని నాకు తెలుసు, నేను చిన్నబుచ్చుకోను. మర్నాడు పొద్దున్నే కారు వచ్చేస్తుందంటే ఆయన అంత జాగ్రత్త పడతాడా? పడడేమో.

సీతాఫల్‌మండి మాస్టారు:

క్యాబ్ సోదరుడు చెప్పిన ఆ రెండు మాటల పరీక్షే నా వాదనకు పెద్ద బలం. న్యాయవాది గారు చట్టాన్ని చక్కగా విడమర్చారు, కృతజ్ఞతలు; తీర్పును కాదనేంత సాహసం నాకు లేదు. కానీ లైసెన్సు లాక్కుంటే చాలునన్నది కాగితం మీది మాట. లైసెన్సు జేబులో లేనంత మాత్రాన బండి స్టార్ట్ కాకుండా పోదు. మన వీధుల్లో లైసెన్సు లేకుండా తిరిగేవారు ఎంతమంది ఉన్నారో చూస్తూనే ఉన్నాం. పొద్దున్న బండి ఇచ్చేస్తే, అదే మనిషి అదే బండి మీద అదే బార్‌కు సాయంత్రం వెళ్లడన్న పూచీ ఎవరిస్తారు? చట్టంలో ఆ అధికారం లేకపోతే సవరించి పెట్టాలన్నది నా అభిప్రాయం. రెండోసారి దొరికినవాడి సొంత వాహనం విషయంలోనైనా అది ఉండాలి.

కూకట్‌పల్లి న్యాయవాది:

రెండోసారి దొరికినవాడి సొంత వాహనం అన్నారు చూడండి, అక్కడికి మనమిద్దరం దగ్గరపడ్డాం. ఇందాకటి మాట అది కాదు. శాసనసభో పార్లమెంటో చర్చించి అలాంటి నిబంధన చేస్తే నేను తప్పుపట్టను. ఠాణాలో కూర్చున్న అధికారి తనంతట తాను చేయకూడదన్నదే నా అభ్యంతరం. లైసెన్సు రద్దయ్యాక కూడా నడిపితే అప్పుడు 207 కింద బండిని నిలిపి ఉంచే అధికారం పోలీసులకు ఎలాగూ ఉంది.

మాదాపూర్ ఉద్యోగిని:

ఇంతసేపూ యజమాని, పోలీసు, కోర్టు అంటూ మాట్లాడుకున్నారు. బంధువుకు కబురు చేయాలన్న వాక్యం దగ్గర ఎవరూ ఆగలేదు. ఆ కబురు వచ్చేది ఎవరికి? మా ఇంట్లో వచ్చింది నాకు. రాత్రి ఒంటిగంట దాటాక ఫోన్ చేసి, లైసెన్సు ఉంటే పట్టుకుని వచ్చి కారు తీసుకెళ్లండి, లేదంటే స్టేషన్‌కు పంపుతాం అన్నారు. నిద్రపోతున్న పాపను పక్కింటి ఆంటీకి అప్పగించి క్యాబ్ బుక్ చేసుకుని వెళ్లాను. బారికేడ్ల పక్కన మా వారు ఫుట్‌పాత్ అంచున కూర్చుని ఉన్నారు. చేతిలో ఇంకా ఆ ఊదే ప్లాస్టిక్ గొట్టం పట్టుకునే ఉన్నారు. అక్కడ నిలబడిన అందరి ముందూ నాకు కూడా ఊదే పరీక్ష చేశాకే తాళం ఇచ్చారు. నిబంధన ప్రకారం అది సరైనదే, ఎందుకంటే తీసుకెళ్లేవారు తాగి ఉండకూడదు కదా. కానీ తాగినవాడి తప్పుకు అర్ధరాత్రి రోడ్డు మీద పరీక్షకు నిలబడింది నేను.

అందువల్ల నా అభిప్రాయం మీ ఇద్దరికీ పూర్తిగా నచ్చకపోవచ్చు. ఆ రాత్రికి బండి స్టేషన్‌లో ఉండటమే మంచిది; ఇంట్లో ఆడవాళ్లను ఆ వేళప్పుడు లేపి పిలవడం కంటే అది నయం. తెల్లవారాక మాత్రం యజమాని కాగితాలు చూపిన వెంటనే ఇచ్చేయాలి, రసీదులూ కౌన్సెలింగులూ దానికి ముడిపెట్టకూడదు. కౌన్సెలింగ్ వ్యర్థమని నేను అనను. గోషామహల్‌లోనూ బేగంపేటలోనూ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లు ఉన్నాయి. బేగంపేటలో నా పక్కన కూర్చుని ప్రమాదాల వీడియోలు చూసిన తర్వాత మా వారిలో కొంత మార్పు వచ్చింది. కానీ కారు ఇంట్లో ఉన్నా ఆయన వచ్చేవారు, రాకపోతే కోర్టు రప్పించేది.

బర్కత్‌పురా వాసి:

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు గారూ, విందుకని తెలిసే ఇచ్చాను, ఆ మాట కాదనను. ఇకపై బావమరిదికి తాళం దొరకదు. అయినా ఈ కేసులో అతడి శిక్ష అతడిది, నా బండి నాది అన్న మాట మీదే ఉన్నాను. న్యాయవాది గారిని ఒక్కటే అడుగుతున్నాను: స్టేషన్‌లో ఆ తీర్పు సంగతి ఎత్తితే, అలాంటివి కోర్టులో చెప్పుకోండి అంటే ఏం చేయాలి?

కూకట్‌పల్లి న్యాయవాది:

నోటిమాటగా అడగకండి. స్టేషన్ హౌస్ ఆఫీసరు పేరిట ఒక దరఖాస్తు రాసి, హైకోర్టు తీర్పును ఉటంకించి, ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు నకళ్లు జతచేసి ఇవ్వండి. రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. చాలా సందర్భాల్లో ఆ కాగితమే పని చేస్తుంది, ఎందుకంటే ధిక్కారం అన్న మాట ఉన్న తీర్పును లిఖితపూర్వకంగా తిరస్కరించడానికి ఏ అధికారీ తొందరపడడు. అప్పటికీ ఇవ్వకపోతే, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద సంబంధిత మేజిస్ట్రేట్ వద్ద యజమానిగా పిటిషన్ వేయవచ్చు. పాత నేర విచారణ స్మృతిలో ఇదే 457. పట్టుకున్న వాహనాలను స్టేషన్లలో దీర్ఘకాలం ఎండకూ వానకూ వదిలేయడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదని, తగిన పూచీకత్తు తీసుకుని త్వరగా విడిచిపెట్టాలని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. దాన్ని కూడా పిటిషన్‌లో పేర్కొనండి.

బండి చేతికి వచ్చిన రోజు సంతకం పెట్టే ముందు చుట్టూ తిరిగి చూసుకోండి. అద్దాలు, ఇండికేటర్లు, బ్యాటరీ, టూల్ కిట్, కిలోమీటర్ల రీడింగ్ ఫొటో తీసుకుని, ఏదైనా లోపముంటే స్టేషన్‌లో మీ చేత సంతకం పెట్టించుకునే పుస్తకంలోనే మీ చేత్తో రాసి సంతకం చేయండి.